గవరయ్య మాట్లాడని సోమవారాలు

ఆ ఏడాది దీపావళికి ముందు మల్లవరపుకోట పురపాలక సంఘానికి పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. అంతకుముందు నెలలో ఎక్కడో ఒక వంతెన ప్రారంభోత్సవంలో పాతికమంది జనం ముందు వరసలో కూర్చుని, మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తున్నంతసేపూ ఒక్క మాటైనా మాట్లాడకుండా ఆయన మొహంలోకే చూశారట. చేతిలో జెండా లేదు, నోట్లో కేక లేదు. ఎవరిని పట్టుకోవాలో, ఏం చేశారని పట్టుకోవాలో తెలియక పోలీసులు తెల్లబోయారట. అందుకని సర్క్యులర్ ఇలా చెప్పింది:

"ప్రభుత్వ కార్యక్రమములలో నినాదములు, నల్లజెండాలు ఇదివరకే నిషిద్ధములు. ఇకమీదట అసహజ మౌనము కూడా నిరసనగా పరిగణించబడును. సభాస్థలిలో ఎవరైనను ఏడు నిమిషములకు మించి మాట్లాడకుండ ఉండదలచినచో ముందుగా అనుమతి పొందవలెను."

ఏడు నిమిషాలే ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్ళు లేరు. ఊరికొక నిశ్శబ్ద నివారణాధికారిని నియమించమన్నారు కాబట్టి, మల్లవరపుకోటలో ఆ బాధ్యత శానిటరీ ఇన్‌స్పెక్టరు వరదరాజుకి దక్కింది. దోమల నివారణ అప్పటికే ఆయనే చూస్తున్నాడు. నివారణల్లో అనుభవం ఉన్నవాడని కమిషనరు గారు అనుకున్నారు.

ఈ సంగతులేవీ గవరయ్యకి తెలియవు. గచ్చుబావి వీధి మలుపులో ఆయనకి నువ్వుల నూనె కొట్టు ఉంది. పావుకిలో నూనెకి వెళ్ళినవాడు అరగంట కబుర్లు విని గానీ బయటపడడని ఊళ్ళో పేరు. మనిషి మంచివాడు, దైవభక్తి గలవాడు. అయిదో తరగతి దాకా చదివాడు, మిగతాదంతా మాట్లాడి నేర్చుకున్నాడు. ఆ వేసవిలో ఆయన భార్య మాణిక్యానికి మోకాలి ఆపరేషను జరిగింది. ఆపరేషను గది బయట కూర్చుని గవరయ్య శివుడికి మొక్కుకున్నాడు. కాశీకి వెళ్ళినవాళ్ళు తమకి బాగా ఇష్టమైన కూరో పండో వదిలేసి వస్తారు. తనకి అన్నిటికంటే ఇష్టమైనదేమిటని ఆలోచిస్తే మాట తప్ప ఇంకోటి తోచలేదు. అందుకని, "స్వామీ, మాణిక్యం లేచి నడిస్తే కార్తీకంలో నాలుగు సోమవారాలూ చుక్కలు కనపడేదాకా నోరు విప్పను, కాగితం మీద అక్షరం కూడా రాయను," అన్నాడు. మాణిక్యం లేచి నడిచింది.

నడవక తప్పదు కూడా. గచ్చుబావి వీధికి కుళాయి ఉంది గానీ నీళ్ళు లేవు. నాలుగేళ్ళ కిందట సిమెంటు దిమ్మె కట్టి, ఇత్తడి కుళాయి బిగించి, దానికి పసుపు కుంకుమ పెట్టి వెళ్ళారు. పెద్ద గొట్టం మాత్రం వీధి మొదట్లో వినాయకుడి అరుగు దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణించి కుళాయి దాకా అరవై అడుగులు. ఆ అరవై అడుగుల పనీ రికార్డుల్లో పూర్తయింది. వీధిలో ఆడవాళ్ళు ఇప్పటికీ రైల్వే క్వార్టర్స్ దాకా బిందెలు మోసుకెళ్ళి నీళ్ళు తెచ్చుకుంటున్నారు. ఈ విషయమై గవరయ్య నాలుగేళ్ళలో నలభై ఒక్క అర్జీలు ఇచ్చాడు. మధ్యమధ్య వీధి దీపాల గురించీ, కాలువ మూతల గురించీ కూడా రాశాడు గానీ, ముప్ఫై ఒకటి గొట్టం గురించే.

కార్తీకం మొదటి సోమవారం పొద్దున్నే వరదరాజు స్కూటరు కొట్టు ముందు ఆగింది.

"గవరయ్య గారూ, మీ పంట పండింది! నాలుగో సోమవారం మంత్రిగారొస్తున్నారు. కొత్త వాటర్ ట్యాంకు ప్రారంభోత్సవం. మీ వీధి కుళాయే తిప్పుతారు. ఇత్తడిది కదా, ఫోటోలో బాగుంటుందని. లబ్ధిదారుడిగా మిమ్మల్ని పెట్టాను. మైకులో ఒక్క ముక్క చెప్పాలి. 'మా వీధికి నీళ్ళొచ్చాయి, చాలా సంతోషంగా ఉంది' అని. ఏదీ, ఓసారి అనండి."

గవరయ్య చేతులు జోడించాడు.

"దణ్ణం తరవాత. ముందు మాట."

గవరయ్య పైకి చూసి మళ్ళీ చేతులు జోడించాడు. వరదరాజుకి చిన్న అనుమానం తగిలింది. చేతి గడియారం చూసుకున్నాడు. ఏడు నిమిషాలు గడిచాయి. ఆయన మొహంలో రంగు మారింది.

మాణిక్యం లోపల్నించి కర్ర ఊతంతో వచ్చింది. "ఆయనివాళ మాట్లాడరండీ. మొక్కు. నా మోకాలి కోసం మొక్కుకున్నారు."

"మీ మోకాలికీ ఆయన నోటికీ ఏమిటమ్మా సంబంధం?"

"అది మాకూ శివుడికీ తెలుసు లెండి."

"అలా అంటే కుదరదమ్మా. భార్య చెప్పింది సాక్ష్యం కాదు. నిరసన తెలిపేవాడు 'నేను నిరసన తెలుపుతున్నాను' అని చెబుతాడా?" అని వరదరాజు ఆఫీసుకి పరుగెత్తాడు. ఊళ్ళో ఇంతమందిలో వెతికి వెతికి మాటకారిని పెట్టుకుంటే, ఆ మాటకారే మాట మానేశాడు. ఇందులో కుట్ర లేదంటే ఎవరు నమ్ముతారు?

మర్నాడు మంగళవారం గవరయ్యని కమిషనరు గారి గదికి పిలిచారు. మంగళవారం కాబట్టి గవరయ్య హాయిగా మాట్లాడుతున్నాడు.

"నేను శివుడికి మొక్కుకున్నానండి. ఇంకేం లేదండి."

"చాలా మంచిది," అన్నారు కమిషనరు గారు. "భక్తికి మేం వ్యతిరేకం కాదు. రాజ్యాంగం మీకు భావ ప్రకటనా స్వేచ్ఛ ఇచ్చింది. మీరు ఏ భావమైనా ప్రకటించుకోవచ్చు. ప్రకటిస్తే మేం విని, అభ్యంతరకరమో కాదో పరిశీలించి, తగు చర్య తీసుకుంటాం. దేన్నీ ప్రకటించకపోతేనే మాకు ఇబ్బంది. లోపలున్నదాన్ని ఎలా పరిశీలిస్తాం?"

"లోపలున్నది నమశ్శివాయేనండి."

"దానికి రుజువు?"

గవరయ్య కాసేపు ఆలోచించాడు. నిజమే, రుజువు లేదు. జపం మధ్యలో ఒకటి రెండుసార్లు నూనె ధర కూడా గుర్తొచ్చిన మాట వాస్తవం. ఇంతవరకు ఏ గురువూ అడగని ప్రశ్న ఈ కమిషనరు గారు అడిగారే అని ఆయనకి కొంచెం గౌరవం కూడా కలిగింది.

"రుజువు లేదండి," అని ఒప్పుకున్నాడు.

"అందుకే ఫారం పెట్టాం," అన్నాడు వరదరాజు. 'మౌన అనుమతి దరఖాస్తు' అని ఉంది పైన. పేరు, తండ్రి పేరు, మౌనం మొదలు, మౌనం ముగింపు వగైరా. ఏడో గడిలో ఇలా ఉంది: 'మౌనము పాటించు సమయమున ఏయే నినాదములు చేయబోవుట లేదో వివరముగా వ్రాయవలెను.'

"నేను ఏ నినాదాలూ చెయ్యడం లేదండి."

"అదే అడుగుతున్నాం. ఏవి చెయ్యడం లేదు?"

"ఏవీ చెయ్యడం లేదండి."

"ఏవీ లేవని రాస్తే అన్నీ ఉన్నాయని అర్థం వస్తుంది. ఒకటో రెండో ప్రత్యేకంగా రాయండి."

గవరయ్యకి ఒకటీ తోచలేదు. ఏడో గడి ఖాళీగా వదిలేశాడు. అసంపూర్ణమని దరఖాస్తు వెనక్కి ఇచ్చారు. లేచేముందు ఆయన అన్నాడు: "పనిలో పని, అయ్యా. మంత్రిగారు ఆ కుళాయి తిప్పితే నీళ్ళు రావండి. గొట్టం అరవై అడుగులు తక్కువ..."

"ఇవాళ మంగళవారం," అన్నారు కమిషనరు గారు. "ఫిర్యాదులు సోమవారం."

"సోమవారం నేను మాట్లాడనండి."

"అది మీ ఇష్టం. మీ స్వేచ్ఛలో మేం జోక్యం చేసుకోం."

రెండో సోమవారం నుంచి గవరయ్య కొట్లో కానిస్టేబులు ఇమాం కూర్చున్నాడు. గవరయ్య మౌనాన్ని ఎప్పటికప్పుడు రాసి పైకి పంపాలి. ఇమాం నిజాయితీగానే రాశాడు. 'తొమ్మిదీ పది: మౌనం. తొమ్మిదీ ఇరవై అయిదు: మౌనం. తొమ్మిదీ నలభై: లీటరు నూనె అమ్మకం, మౌనంగా. పదీ అయిదు: పైకి చూశాడు. (ఆకాశం వైపు. ఆఫీసు వైపు కాదు.) పదకొండు: చిన్న నవ్వు. కారణం తెలియదు.'

"పెద్దాయనా, నాకు తెలుసు," అన్నాడు ఇమాం పుస్తకం మూసి. "మేం రోజాలో ఉన్నప్పుడు కూడా అంతే, లోపల సంగతి బయటివాళ్ళకి తెలీదు. కానీ ఏం చేస్తాం, పైవాళ్ళకి ఉత్త మౌనం చాలడం లేదు. దేని మీద మౌనమో రాయమంటున్నారు."

రిపోర్టు చూసి ఆఫీసులో అత్యవసర సమావేశం పెట్టారు. అజెండాలో ఒకటే అంశం: గవరయ్య ఏం మాట్లాడడం లేదు? ఎవరికీ తెలియలేదు. చివరికి ఆయన పాత అర్జీల కట్ట తెప్పించారు. నాలుగేళ్ళలో ఆ కట్ట తాడు విప్పడం అదే మొదటిసారి. చదివినకొద్దీ అధికారులకి ఆందోళన పెరిగింది. ఇన్ని విషయాల మీద మాట్లాడగల మనిషి ఇన్నిటి మీదా మౌనం వహిస్తే పరిస్థితి ఏమిటి? ఒక్కొక్క కారణాన్నీ ముందుగానే తొలగించాలని తీర్మానించారు. గొట్టం గురించిన ముప్ఫై ఒక్క అర్జీలు మాత్రం పక్కన పెట్టేశారు. పూర్తయిన పని మీద ఎవరైనా ఎందుకు మౌనం వహిస్తారు?

గురువారానికి గచ్చుబావి వీధిలో దీపాలు వెలిగాయి. మూడో సోమవారం గవరయ్య మళ్ళీ మాట్లాడలేదు. బుధవారానికి కాలువ మీద పలకలు పడ్డాయి. శుక్రవారం ఎవరూ అడక్కుండానే చెత్తబండి వచ్చి, డ్రైవరు దిగి, "ఇంకేమైనా ఉందా అండీ?" అని మర్యాదగా అడిగి వెళ్ళాడు.

వీధి వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. ఎదురింటి ఆటో జోగులు కొట్టుకొచ్చి గవరయ్య కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"మావయ్యా, నాలుగో సోమవారం కూడా నోరు తెరవమాక. మా ఇంటిముందు గుంట ఒక్కటి పూడ్చెయ్యనీ. తరవాత నీ ఇష్టం. కావాలంటే రోజంతా నీ కబుర్లు నేను వింటా."

"ఆయన మొక్కింది నా మోకాలికిరా, నీ గుంటకి కాదు," అంది మాణిక్యం.

"అత్తా, నీ మోకాలు ఎలాగూ నడుస్తోందిగా. మా ఆటో నడవద్దా?"

గవరయ్య నవ్వాడు గానీ లోపల ఆయనకి సుఖంగా లేదు. గుళ్ళో కొట్టిన కొబ్బరికాయ ప్రసాదం ఎవరో మున్సిపాలిటీ పేరు మీద పంచుతున్నట్టుంది. నాలుగేళ్ళు గొంతు చించుకుంటే వినని వాళ్ళు, దేవుడి కోసం ఊరుకుంటే వింటున్నారు. ఇందులో తప్పు ఎవరిదో ఆయనకి తేలలేదు. దీపాల కింద కూర్చుని మాణిక్యంతో అన్నాడు: "నేను మాట్లాడినన్నాళ్ళూ వీళ్ళకి చెముడనుకున్నానే. చెముడు కాదు. నా మాట అలవాటైపోయింది, అంతే."

నాలుగో సోమవారం వచ్చింది. కుళాయి చుట్టూ షామియానా వేశారు. ఎలాంటి మౌనానికీ తావులేకుండా వరదరాజు గట్టి ఏర్పాట్లు చేశాడు. ప్రతి కుర్చీలోనూ ఒక చీటీ: 'దయచేసి పక్కవారితో మాట్లాడుతూ ఉండండి.' ఏమీ తోచనివాళ్ళు ఎక్కాలు చెప్పుకోవచ్చని మైకులో ప్రకటించాడు. మొదటి వరస ఆడవాళ్ళు గోంగూర పచ్చడితో మొదలుపెట్టారు. రెండో వరస పదమూడో ఎక్కంలోకి దిగింది. జోగులు తన ఇంటి గుంట లోతు ఎంతో పక్కవాడికి వర్ణిస్తున్నాడు.

మంత్రిగారు మైకు ముందుకొచ్చి, "సోదర సోదరీమణులారా," అన్నారు. అది ఆయనకే వినపడలేదు. నవ్వి, రెండు చేతులూ పైకెత్తి, "దయచేసి నిశ్శబ్దం," అన్నారు.

వరదరాజు జేబులోంచి సర్క్యులర్ తీశాడు. మంత్రిగారు నిశ్శబ్దం అంటున్నారు. సర్క్యులర్ మాట్లాడమంటోంది. మంత్రిగారి ఆదేశం నోటి మాట, సర్క్యులర్ లిఖితపూర్వకం. ఉద్యోగంలో ఇరవై ఏళ్ళుగా ఆయన లిఖితపూర్వకానికే కట్టుబడి ఉన్నాడు. జనం వైపు తిరిగి, చేత్తో ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని సైగ చేశాడు. పదమూడో ఎక్కం షామియానా పైకి లేచింది.

ఆ సభలో ఒక్క గవరయ్యే కదలకుండా, మెదలకుండా మంత్రిగారి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఆ పెద్దాయనొక్కడే నా మాట వింటున్నాడు," అన్నారు మంత్రిగారు ముచ్చటపడి. "ఎవరాయన?"

"లబ్ధిదారుడు సార్," అన్నారు కమిషనరు గారు చెమట తుడుచుకుంటూ.

మంత్రిగారు కుళాయి తిప్పారు. నీళ్ళొచ్చాయి! జనం చప్పట్లు కొట్టారు. కుళాయి వెనక గోడచాటున ఒక ప్లాస్టిక్ డ్రమ్ము ఉందనీ, దానికి సన్నటి గొట్టం తగిలించారనీ వరదరాజుకీ ఇద్దరు పనివాళ్ళకీ తప్ప తెలియదు. మాణిక్యానికి అసలే తెలియదు. ఆమె నిజమే అనుకుంది. నాలుగేళ్ళ ఎదురుచూపు కదా, కర్ర పక్కన పడేసి, ఇంట్లోంచి ఇత్తడి బిందె తెచ్చి, మంత్రిగారి పక్కనుంచే వంగి కుళాయి కింద పెట్టింది. ఫోటోలవాళ్ళు ఎగబడ్డారు.

గవరయ్య ముందు మైకు పెట్టారు.

గవరయ్య మాణిక్యం మొహం చూశాడు. ఆ మొహంలో వెలుగు చూసి ఆయనకి కళ్ళు చెమర్చాయి. చేతులు జోడించి నిలబడ్డాడు.

బిందె పావు వంతు నిండింది. ధార సన్నబడింది. దారమంతైంది. కుళాయి ఒకసారి గుర్రుమని, ఆగిపోయింది. మాణిక్యం ఒకటి రెండుసార్లు కుళాయి తిప్పి చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. గవరయ్య వేలు చూపించలేదు, తల అడ్డంగా ఊపలేదు. జోడించిన చేతులు అలాగే ఉంచి బిందె వైపు చూస్తూ నిలబడ్డాడు.

మొదటి వరసలో గోంగూర పోపు దగ్గర ఆగిపోయింది. రెండో వరసలో పదమూడు తొమ్ముల దగ్గర ఎక్కం ఆగింది. జోగులు గుంట లోతు మరిచిపోయాడు. మాటలు ఒక్కొక్కటిగా ఆరిపోయి, చివరికి షామియానా కింద ఒకే ఒక్క చప్పుడు మిగిలింది. కుళాయి చివరి చుక్కలు బిందెలో పడుతున్నాయి. టప్. టప్.

"మాట్లాడండి!" అని అరిచాడు వరదరాజు గడియారం చూసుకుంటూ. "ఎవరైనా మాట్లాడండి! అయిదు నిమిషాలైంది! ఎక్కాలు చెప్పండయ్యా!"

ఎవరూ చెప్పలేదు. ఇమాం పుస్తకం తీసి, ఏం రాయాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నీళ్ళకేమైంది?" అన్నారు మంత్రిగారు.

"సాంకేతిక విరామం సార్," అన్నారు కమిషనరు గారు.

"ఈయనేమంటున్నాడు?"

"ఏమీ అనడం లేదు సార్. అదే మా సమస్య."

మంత్రిగారు బిందెలోకి ఒకసారి, గవరయ్య మొహంలోకి ఒకసారి చూశారు. "ఈయనేమంటున్నాడో సాయంత్రంలోగా కనుక్కుని నాకు చెప్పండి," అని కారెక్కారు.

పొద్దు వాలేసరికి కమిషనరు గారూ, వరదరాజూ, ఇమామూ గవరయ్య ఇంటి అరుగు మీద చేరి ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నారు. చుక్క కనపడితే గానీ ఆయన నోరు విప్పడు.

"అదిగో చుక్క!" అన్నాడు వరదరాజు లేచి.

"అది విమానమండీ," అంది మాణిక్యం.

ఎట్టకేలకు చుక్క పొడిచింది. గవరయ్య దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని అరుగు మీదికొచ్చాడు. ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"అయ్యా," అన్నాడు గవరయ్య. "గొట్టం అరవై అడుగులు తక్కువండి. వినాయకుడి అరుగు దగ్గర ఆగిపోయిందండి. ఆ అరవై అడుగులూ వేస్తే మా మాణిక్యం రైల్వే క్వార్టర్స్ దాకా నడవక్కర్లేదండి. నాలుగేళ్ళ కిందట గొట్టాలు దింపారు గానండి, ఆ రోజు వాన పడిందండి, అప్పుడు మేస్త్రీ ఏమన్నాడంటేనండి..."

అలా అరగంట చెప్పాడు. కమిషనరు గారి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. ఫోను తీసి, "సార్, మాట్లాడుతున్నాడు సార్," అన్నారు. "ధారాళంగా. మామూలు విషయాలే సార్. ఆ... పాతవే."

మర్నాడు ఫైలులో ఈ వాక్యం చేరింది: 'సదరు గవరయ్య మాట్లాడినందున మౌన నిరసన విరమించినట్లు భావించి ఫైలు మూసివేయడమైనది.' డ్రమ్ము వెనక్కి వెళ్ళింది. జోగులు ఇంటిముందు గుంటలో పొయ్యడం మొదలుపెట్టిన మట్టి సగంలోనే ఆగిపోయింది.

కార్తీకం వెళ్ళిపోయింది. పోలి పాడ్యమి దీపాలు నీళ్ళలో వదిలాక వచ్చిన సోమవారం, మొక్కు లేదు, ఉపవాసం లేదు. పొద్దున్నే మాణిక్యం బిందె తీసుకుని రైల్వే క్వార్టర్స్ వైపు బయల్దేరింది. గవరయ్య ఆమె చేతిలోంచి బిందె తీసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది మాణిక్యం.

"మొక్కు చెల్లిపోయిందే. ఇక శివుడితో చెప్పాల్సింది చెప్పేశాను," అన్నాడు. ఆ రోజుకి ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

పురపాలక సంఘంలో ఫిర్యాదుల రోజు. వరదరాజు బల్ల దగ్గర కూర్చుని, గవరయ్య రావడం చూసి తేలిగ్గా నవ్వాడు. "రండి రండి. నలభై రెండో అర్జీయా? చెప్పండి, వింటున్నా," అని ఇంకో కాగితం చదువుకోసాగాడు.

కాగితం చివరికొచ్చాక వరదరాజు తలెత్తాడు. గవరయ్య ఎదుటి బెంచీ మీద కూర్చుని, ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకుని, ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

"ఇవాళ కార్తీకం కాదుగా గవరయ్య గారూ?"

గవరయ్య చిన్నగా నవ్వాడు.

వరదరాజు చెయ్యి తనంతట తానే గడియారం మీదికి పోయింది. తర్వాత ఫోను మీదికి. ఆయన నంబరు నొక్కేలోగా గవరయ్య లేచి, బల్ల మీది కట్టలోంచి మౌన అనుమతి దరఖాస్తు ఒకటి లాగి, పక్కవాళ్ళ పెన్ను సైగ చేసి తీసుకుని, బిందె బోర్లించి దాని మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. మౌనం మొదలు: నేటి నుంచి. మౌనం ముగింపు దగ్గర కాసేపు ఆగి, 'నీళ్ళొచ్చేదాకా' అని రాశాడు.

చెయ్యబోని నినాదాలు రాయాల్సిన ఏడో గడి దగ్గర ఈసారి ఆయనకి అస్సలు ఆలోచించాల్సిన పని పడలేదు.

'అరవై అడుగుల గొట్టం' అని రాసి, సంతకం పెట్టాడు.